వాడని ఇంటి సామాను అవసరమైనవాళ్లకు ఇవ్వాలంటే: ఏరడం నుంచి చేర్చడం దాకా

వాడకుండా పడి ఉన్న సామాను ఎవరికైనా ఇచ్చేద్దామనుకోగానే చాలామంది అట్టపెట్టెలు తెచ్చి నింపడం మొదలుపెడతారు. దానికంటే ముందు ఒక ఫోన్ చేయాలి. ఎవరికి ఏం కావాలో తెలియకుండా నింపిన పెట్టె అవతలికి చేరాక ఎవరో ఒకరు దాన్ని విప్పాలి, ఏరాలి, ఉతకాలి, పనికిరానివి పారేయించాలి. ఇవన్నీ చేసేది జీతం లేకుండా తీరిక చేసుకుని వచ్చే వలంటీర్లు. చెత్త ఎత్తించే ఖర్చు కూడా పేదల కోసం పోగుచేసిన నిధిలోంచే పోతుంది. కాబట్టి చేతిలోకి తీసుకున్న ప్రతి వస్తువునూ ఒక్క ప్రశ్న అడగండి: ఇది చేరిన రోజే ఒక మనిషి దీన్ని వాడుకోగలరా? అవునంటే పెట్టెలో వేయండి. కాదంటే, అయ్యేలా చేసి వేయండి.

ముందు ఎవరికి ఇస్తున్నారో తేల్చుకోండి

సామాను తీసుకునే చోట్లు ప్రధానంగా మూడు రకాలు. ఒక్కోదానికి ఒక్కో రకం వస్తువు పనికొస్తుంది.

మొదటిది, పాత సామాను అమ్మి ఆ డబ్బుతో సేవ చేసే దుకాణాలు. ఈ పద్ధతి పాతదే. 1902లో బోస్టన్‌లో ఎడ్గర్ హెల్మ్స్ అనే మెథడిస్టు పాస్టర్ కలిగినవాళ్ల ఇళ్లనుంచి వాడిన బట్టలు, సామాను సేకరించి, పని లేనివాళ్ల చేత వాటిని బాగుచేయించి అమ్మించారు. వచ్చిన డబ్బుతో వాళ్లకే కూలి ఇచ్చారు. గుడ్‌విల్ సంస్థ అలా మొదలైంది. సాల్వేషన్ ఆర్మీ, సెయింట్ విన్సెంట్ డి పాల్ సొసైటీ వంటివి కూడా చాలా దేశాల్లో ఇలాంటి దుకాణాలు నడుపుతున్నాయి. అలంకరణ వస్తువులు, ఫొటో ఫ్రేములు, మంచి గాజు సామాను, ఖరీదైన దుస్తులు ఇక్కడికి పంపాలి. పేదవాళ్లకు నేరుగా అక్కరకు రానివి ఇక్కడ డబ్బుగా మారతాయి.

రెండోది, వస్తువును నేరుగా మనుషుల చేతికి అందించే పరిచర్యలు: చర్చి నడిపే సహాయ విభాగాలు, ఇల్లు లేనివాళ్ల ఆశ్రయాలు, హింస తప్పించుకుని వచ్చిన స్త్రీలకు నీడనిచ్చే కేంద్రాలు, జైలునుంచి విడుదలైనవాళ్లకు తోడుగా ఉండే బృందాలు, శరణార్థులకు కొత్త ఇల్లు అమర్చేవాళ్లు. వీళ్లకు కావాల్సింది రోజువారీ సామాను. దుప్పట్లు, తువ్వాళ్లు, పాత్రలు, మంచాలు, గట్టి బూట్లు, చక్రాల సూట్‌కేసులు. సూట్‌కేసు సంగతి చాలామందికి తట్టదు. ఆశ్రయంనుంచి ఆశ్రయానికి మారే పిల్లలు బట్టలు చెత్త సంచుల్లో మోసుకెళ్లాల్సి వస్తుంటుంది. అటక మీద ఖాళీగా ఉన్న ఒక పెట్టె ఆ అవమానం తప్పిస్తుంది.

మూడోది, ఒక ప్రత్యేక అవసరం ఉన్న చోట్లు. చిరిగిన తువ్వాళ్లు, వెలిసిపోయిన దుప్పట్లు మనుషులకు ఇవ్వకూడదు గానీ జంతు సంరక్షణ కేంద్రాలకు అవే కావాలి. ఈకల దిండ్లు మాత్రం వాళ్లు కూడా వద్దంటారు, కుక్కలు చింపేస్తాయి. పాత కళ్లజోళ్లను చాలా దేశాల్లో లయన్స్ క్లబ్బులు సేకరిస్తాయి. జైలు గ్రంథాలయాల్లో చాలావరకు అట్ట గట్టిగా ఉన్న పుస్తకాలను, ఇళ్లనుంచి వచ్చిన పాత పుస్తకాలను లోపలికి రానివ్వరు. అక్కడ ఖైదీల ఆత్మీయ అవసరాలు చూసే చాప్లిన్‌ను అడిగాకే పంపాలి.

ఫోన్‌లో అడగాల్సినవి

"మీరు సామాను తీసుకుంటారా?" అంటే ఎవరైనా మర్యాదకి తీసుకుంటామనే అంటారు. ఇలా అడగండి: ఈ నెల మీకు బాగా తక్కువ పడినవేంటి? ఏవి వస్తే వెనక్కి పంపుతారు? చలికాలం బట్టలు ఇప్పుడు ఇస్తే దాచుకునే చోటు ఉందా, లేక ఆ కాలం వచ్చేదాకా మా దగ్గరే ఉంచమంటారా? ఏ రోజుల్లో, ఏ వేళల్లో తేవాలి? పెద్ద సామాను మీరే వచ్చి తీసుకెళ్తారా, మేడ మీదనుంచి దింపే మనుషులున్నారా? స్త్రీల రక్షణ కేంద్రమైతే అడ్రసు అడగొద్దు. లోపల ఉన్నవాళ్ల భద్రత కోసం వాళ్లు దాన్ని గుట్టుగా ఉంచుతారు. సామాను ఏ ఆఫీసులో అప్పగించాలో మాత్రం అడగండి.

ఫోన్‌లో విన్నదంతా కాగితం మీద రాసుకోండి. ఏరేటప్పుడు ఆ కాగితమే మీ చేతిలో ఉండాలి.

ఏరడం

ఒక గదితో మొదలుపెట్టి దాన్ని ముగించాకే రెండోదాంట్లోకి వెళ్లండి. మూడు కుప్పలు చాలు: ఇప్పుడే ఇవ్వగలిగినవి, చిన్న పని చేస్తే ఇవ్వగలిగినవి, ఇవ్వకూడనివి. రెండో కుప్పకు గడువు పెట్టుకోండి. గుండీ కుట్టడం, మేకు బిగించడం, వైరు మార్చడం రెండు వారాల్లో కాకపోతే ఇక కావు. ఆ వస్తువులను ఉన్నదున్నట్టు చెప్పి, రిపేరు చేసుకోగల చోటికి ఇచ్చేయండి.

వాడిన గుడ్డల విషయంలో తేల్చుకోలేకపోతే ఒకటి ఆలోచించండి: ఈ తువ్వాలును మీ ఇంటికొచ్చిన చుట్టానికి ఇస్తారా? ఇవ్వలేననిపిస్తే అది మూడో కుప్ప.

ప్రతి జేబూ తడమండి, లోపలి జేబులతో సహా. పుస్తకాల పేజీలు వేళ్లతో ఒకసారి జారవిడవండి. హ్యాండ్‌బ్యాగుల అస్తరు కింద, సొరుగుల వెనక, సోఫా సందుల్లో వెతకండి. పాస్‌పోర్టులు, ఉంగరాలు, నోట్లు, ఆసుపత్రి కాగితాలు బయటపడే చోట్లు ఇవే. సామాను దుకాణం చేరి అమ్ముడయ్యాక అవి తిరిగి దొరకవు.

బట్టలు, పక్కబట్టలు

ఉతికి, పూర్తిగా ఆరాకే మడవండి. పైకి ఆరినట్టు కనిపించినా నడుం పట్టీ, కుట్ల దగ్గర తేమ ఉంటుంది. మూత కట్టిన ప్లాస్టిక్ సంచిలో ఆ కాస్త తేమ చాలు, బూజు పట్టేస్తుంది. ఒక్క తడి చొక్కాతో సంచి మొత్తం ముక్క వాసన కొడుతుంది. అలాంటి సంచిని ఏరేచోట ఎవరూ ఉతకరు, పక్కన పడేస్తారు.

జిప్పులు లాగి, గుండీలు పెట్టి మడవండి. సైజు చీటీ ఊడిపోతే చిన్న కాగితంపై సైజు రాసి పిన్నుతో గుచ్చండి. బూట్ల జతను లేసులతో కలిపి ముడేయండి, లేసులు లేకపోతే రబ్బరు బ్యాండు వేయండి. విడిపోయిన ఒంటి బూటు చెత్తతో సమానం. వాడిన లోదుస్తులు, మేజోళ్లు ఇవ్వొద్దు. ఆశ్రయాల్లో ఎప్పుడూ కొరతగా ఉండేవి మాత్రం ఇవే. పాత సామానుతోపాటు కొత్త మేజోళ్ల ప్యాకెట్టు ఒకటి కొని పెడితే దానికున్నంత గిరాకీ ఇంకే వస్తువుకూ ఉండదు.

నల్లుల గురించి కాస్త వివరంగా చెప్పాలి. మంచితనంతో ఇచ్చిన ఒక్క దుప్పటి నలభై మంది నిద్రపోయే హాలుకు నల్లులు పట్టించగలదు. పెద్ద నల్లి సుమారు 5 మిల్లీమీటర్లు ఉంటుంది, చదునుగా, ఎర్రటి గోధుమరంగులో. అదే కనిపించాలని లేదు. పరుపు అంచు కుట్టు వెంబడి, మంచం కోళ్లు కలిసే చోట, సోఫా అడుగు గుడ్డ లోపల టార్చి వేసి చూడండి. సిరా చుక్కల్లాంటి నల్ల మచ్చలు, పాలిపోయిన పొట్టు కనిపిస్తే ఉన్నట్టే. రక్తం దొరక్కపోయినా నెలల తరబడి బతుకుతాయి కాబట్టి "ఆ గది ఎప్పటినుంచో ఖాళీగా ఉంది" అన్నది భరోసా కాదు.

అనుమానం ఉన్న గుడ్డలను 60 డిగ్రీల వేడినీటిలో ఉతకాలి, లేదా డ్రయ్యర్‌లో బాగా వేడిగా 30 నిమిషాలు తిప్పాలి. ఉతకడానికి వీల్లేని మెత్తటి బొమ్మల వంటివి సంచిలో మూసి సున్నాకు 18 డిగ్రీలు దిగువనున్న ఫ్రీజర్‌లో 4 రోజులు ఉంచాలి. మామూలు ఫ్రిజ్‌లోని పై అర అంత చల్లబడుతుందో లేదో థర్మామీటరుతో చూసుకోండి. పరుపులో, సోఫాలో నల్లులు ఉంటే ఎవరికీ ఇవ్వొద్దు. పారేసేటప్పుడు కూడా నల్లులున్నాయని పెద్దక్షరాలతో రాసి, ఒక కోత కోసి పెట్టండి. లేకపోతే అవసరంలో ఉన్న మరొకరు దాన్ని ఎత్తుకెళ్తారు.

ఏ లోపమూ లేకపోయినా వాడిన పరుపును చాలా చోట్ల తీసుకోరు. ముందే అడగాల్సిన వస్తువుల్లో మొదటిది అదే.

ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, చిన్న మెషిన్లు

"పోయినేడు పనిచేసింది" అన్న మాట చాలదు. ప్లగ్గు పెట్టి, అది చేయాల్సిన పని పూర్తిగా చేయించండి. ఇస్త్రీపెట్టె వేడెక్కి మళ్లీ దానంతటదే ఆగుతోందా? మిక్సర్ అన్ని వేగాల్లో తిరుగుతోందా? వైరు మీద టేపు చుట్టిన అతుకు ఉంటే, ప్లగ్గు నల్లబడి ఉంటే, తాకితే షాక్ కొడుతుంటే ఇవ్వొద్దు. మీకు ఆ వైరును ఎలా పట్టుకోవాలో అలవాటై ఉంటుంది, కొత్తగా వాడేవాళ్లకు తెలియదు.

ఫ్రిజ్‌ను తరలించడానికి 24 గంటల ముందే ప్లగ్గు తీసేయండి. మంచు మొత్తం కరిగాక తుడిచి, తలుపు తెరిచి ఆరబెట్టండి. తడిగా మూస్తే రెండు మూడు రోజుల్లో లోపలంతా నల్ల బూజు. అరలు విడిగా కాగితంలో చుట్టండి. మోసేటప్పుడు నిలువుగానే ఉంచాలి. పడుకోబెడితే కంప్రెసర్‌లోని నూనె గొట్టాల్లోకి పారుతుంది, వెంటనే ఆన్ చేస్తే కంప్రెసర్ పాడవుతుంది. తప్పనిసరై పడుకోబెట్టి తెస్తే, నిలబెట్టాక 24 గంటలు ఆగి ప్లగ్గు పెట్టమని తలుపు మీద కాగితం అతికించండి. ఆరుబయటో, అందరూ తిరిగే చోటో ఉంచాల్సి వస్తే తలుపు ఊడదీయండి, లేదా గట్టిగా కట్టేయండి. లోపల దాక్కున్న పిల్లలు ఊపిరాడక చనిపోయిన సందర్భాలు ఉన్నాయి.

ముందువైపు తలుపుండే వాషింగ్ మెషిన్‌కు కొన్నప్పుడు వెనక మూడో నాలుగో పొడవాటి బోల్టులు బిగించి వస్తాయి. అవి రవాణా కోసం. దొరికితే మళ్లీ బిగించండి. అవి లేకుండా లారీలో వేస్తే డ్రమ్ము ఊగి, దాన్ని పట్టుకునే స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు దెబ్బతింటాయి. కింద ముందువైపు చిన్న మూత వెనక ఫిల్టర్ ఉంటుంది. దాన్ని విప్పితే గొట్టాలు ఖాళీ చేశాక కూడా లోపల మిగిలిన నీళ్లు పళ్లెంలోకి దిగుతాయి. నీళ్ల పైపును సంచిలో పెట్టి డ్రమ్ములో వేయండి. పైపు లేని మెషిన్ అవతల నెలల తరబడి మూలన ఉండిపోతుంది.

వేరే దేశానికి పంపే సామానైతే వోల్టేజి చూడాలి. కొన్ని దేశాల్లో 100 నుంచి 127 వోల్టులు, మిగతా చోట్ల 220 నుంచి 240. అడాప్టరు మీద 100–240 అని ఉంటే ఎక్కడైనా నడుస్తుంది. వేడి పుట్టించే వస్తువులు, మోటారు ఉండేవి సాధారణంగా ఒక్క వోల్టేజికే తయారవుతాయి, వాటిని పంపకండి.

చార్జరు, రిమోట్, జతగా వచ్చే భాగాలు అన్నీ ఆ వస్తువుకే టేపుతో అంటించండి. "వైర్లన్నీ ఒక సంచిలో వేశాం" అంటే అవతలివాళ్లు ఏది దేనిదో కనుక్కునేలోపు రోజు గడిచిపోతుంది.

ఫోన్లు, కంప్యూటర్లు

ఫొటోలు డిలీట్ చేసినంత మాత్రాన అవి పోవు. అంతకంటే ఎక్కువగా జరిగే పొరపాటు ఇంకొకటి: ఖాతా తీయకుండా రీసెట్ చేయడం. అలా చేసిన ఫోన్‌ను ఆన్ చేయగానే పాత యజమాని పాస్‌వర్డ్ అడుగుతుంది, అది తెలియకపోతే ముందుకు కదలదు. మంచి ఫోన్ కాస్తా ఎందుకూ పనికిరాకుండా పోతుంది. కాబట్టి వరస తప్పకూడదు.

1. కావాల్సినవి వేరేచోట దాచుకోండి. బ్యాంకు ఓటీపీలు, రెండంచెల లాగిన్ కోడ్‌లు ఈ ఫోన్‌కే వస్తుంటే ముందు కొత్త ఫోన్‌కు మార్చుకోండి.
2. ఐఫోన్‌లో పోయిన ఫోన్‌ను వెతికిపెట్టే ఫైండ్ మై ఆపి, ఆపిల్ ఖాతానుంచి సైనౌట్ అవ్వండి. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి గూగుల్ ఖాతా తొలగించండి. ఫోన్ కంపెనీ సొంత ఖాతా ఉంటే అదీ తీసేయండి.
3. సిమ్, మెమరీ కార్డు బయటకు తీయండి. ఇ-సిమ్ అయితే డిలీట్ చేయండి.
4. అప్పుడు సెట్టింగ్స్‌లోంచి ఫ్యాక్టరీ రీసెట్ చేయండి.
5. ఆన్ చేసి, కొత్త ఫోన్‌లా భాష ఎంచుకోమని అడిగి, పాత ఖాతా అడగకుండా ముందుకు వెళ్తోందో లేదో చూసి ఆపేయండి.

విండోస్ కంప్యూటర్‌లో రీసెట్ చేసేటప్పుడు అన్నీ తీసేయమనడంతోపాటు డ్రైవ్‌ను శుభ్రం చేసే ఎంపిక కూడా పెట్టండి. గంటలు పడుతుంది, రాత్రి పెట్టి వదిలేయొచ్చు. ఆన్ కాని పాత కంప్యూటరైతే హార్డ్‌డిస్క్ ఊడదీసి మీ దగ్గరే ఉంచుకుని మిగతాది ఇవ్వండి, డిస్క్ లేదని రాయండి. స్మార్ట్ టీవీలో, రౌటర్‌లో, ప్రింటర్‌లో కూడా మీ ఖాతాలు, వైఫై పాస్‌వర్డులు ఉండిపోతాయి. వాటిని రీసెట్ చేయడం చాలామంది మర్చిపోతారు.

బ్యాటరీ ఉబ్బి తెర పైకి లేచిన ఫోన్, కింద పెడితే ఊగే ల్యాప్‌టాప్ ఇవ్వొద్దు. చార్జింగ్ పెట్టొద్దు, నొక్కొద్దు. బ్యాటరీలు సేకరించే చోట విడిగా అప్పగించండి.

పిల్లల సామాను

ఎంత బాగున్నా సరే, కొన్నింటి చరిత్ర తెలియకుండా ఇవ్వకూడదు. కారులో పిల్లల సీటుకు గడువు ఉంటుంది. సీటు అడుగునో వెనకో తయారీ తేదీ ముద్రిస్తారు, కంపెనీని బట్టి 6 నుంచి 10 ఏళ్లు. పెద్ద ప్రమాదంలో ఉన్న సీటు పైకి చెక్కుచెదరకపోయినా పనికిరాదు. హెల్మెట్ కూడా అంతే. లోపలి థర్మోకోల్‌లాంటి పొర ఒక్క దెబ్బకే నలిగి తన పని ముగించుకుంటుంది, రెండోసారి ఆపలేదు.

పక్క కిందికి జారే పిల్లల మంచాల్లో పసివాళ్లు ఇరుక్కుని చనిపోయారు. అమెరికాలో 2011 జూన్‌నుంచి వాటి తయారీ, అమ్మకం నిషేధం. అలాంటిది ఎవరికీ ఇవ్వొద్దు. ఇతర మంచాల్లో కమ్మీల మధ్య దూరం 6 సెంటీమీటర్లకు మించకూడదు, పరుపుకూ పక్కకూ మధ్య రెండు వేళ్లకంటే ఎక్కువ సందు ఉండకూడదు. స్కేలు పెట్టి కొలవండి.

బొమ్మల్లో బటన్ బ్యాటరీ గది మూతకు స్క్రూ ఉందో లేదో చూడండి. పిల్లలు మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక తీవ్రంగా కాలిపోవచ్చు. స్క్రూ లేకపోతే, లేదా చిన్న అయస్కాంతాలు ఊడివస్తుంటే ఆ బొమ్మ మూడో కుప్పలోకి. పజిల్‌లో ముక్కలన్నీ ఉన్నాయో లేదో ఒకసారి పేర్చి చూసి పెట్టె మీద "మొత్తం ఉన్నాయి" అని రాయండి. పిల్లవాడికి ఆఖరి ముక్క దొరకని బొమ్మ ఇవ్వడం బాధగా ఉంటుంది.

మందులు, వైద్య పరికరాలు

ఇంట్లో మిగిలిన మందులు, సగం వాడిన సీసాలు ఇవ్వకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1996లో మందుల విరాళాలకు మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి ప్రకారం రోగులనుంచి తిరిగొచ్చిన మందులు పంపకూడదు, పంపే మందులకు చేరేసరికి కనీసం ఏడాది గడువు మిగిలి ఉండాలి. బోస్నియా యుద్ధకాలంలో, 1992 నుంచి 1996 దాకా, వచ్చిపడిన వాటిలో సుమారు 17,000 టన్నుల మందులు పనికిరానివని తేలింది. వాటిని వదిలించుకునే భారం కూడా బోస్నియా మీదే పడింది.

వీల్‌చైర్లు, వాకర్లు, చేతికర్రలకు ఎప్పుడూ అవసరం ఉంటుంది. వీల్‌చైర్ రెండు బ్రేకులూ వేసి తోసి చూడండి, జరగకూడదు. పాదాలు పెట్టుకునే పలకలు రెండూ వెతికి బిగించండి, ఎక్కువగా పోయేవి అవే. సీటు వెడల్పు కొలిచి చీటీ కట్టండి. కొలత సరిపోని కుర్చీలో గంటలకొద్దీ కూర్చుంటే ఒరుసుకుని పుండ్లు పడతాయి, కాబట్టి అందించేవాళ్లకు ఆ అంకె కావాలి. చేతికర్ర అడుగు రబ్బరు అరిగిపోతే కొత్తది తొడగండి. తడి నేల మీద జారి పడేది దానివల్లే.

ఫర్నిచర్, పుస్తకాలు, వంటింటి సామాను

ఫర్నిచర్ ఇచ్చేముందు పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి, నాలుగు వైపులా ఫొటోలు తీసి పంపండి. గీతలు, మరకలు దాచకండి, వాటినే దగ్గరగా తీయండి. లారీ వచ్చాక వద్దనడం రెండువైపులా ఇబ్బంది. బ్రిటన్‌లో 1988నాటి అగ్ని భద్రతా నిబంధనల వల్ల, చీటీ లేని సోఫాను సేవా దుకాణాలు తీసుకోలేవు. కాబట్టి అడుగున కుట్టిన చీటీలేవీ కత్తిరించొద్దు. విడదీసిన మంచం, బీరువాల స్క్రూలన్నీ చిన్న సంచిలో వేసి, ఆ వస్తువు వెనకే టేపుతో అతికించండి. విప్పడానికి ముందు, అతుకుల దగ్గర ఒక్కో ఫొటో తీసి ఉంచితే బిగించేవాళ్లకు పని సగమవుతుంది.

పుస్తకాలు చిన్న పెట్టెల్లోనే సర్దండి, ఒక్కో పెట్టె 15 కిలోలు దాటకుండా. పెద్ద పెట్టె నిండా పుస్తకాలు వేస్తే అడుగు ఊడుతుంది, లేదా మోసేవాళ్ల నడుం పడుతుంది. పాత సిలబస్ పాఠ్యపుస్తకాలు, విజ్ఞానసర్వస్వాల సంపుటాలు దాదాపు ఎవరూ తీసుకోరు.

పూత లేచిన నాన్‌స్టిక్ పాత్రలు వద్దు. ప్రెషర్ కుక్కర్ ఇస్తే రబ్బరు, సేఫ్టీ వాల్వు బాగున్నాయో చూసి, వీలైతే కొత్తవి వేసి ఇవ్వండి. కత్తులను అట్టముక్కలో చుట్టి టేపు వేసి "కత్తి" అని రాయండి. పళ్లాలను ఒకదాని మీద ఒకటి కాకుండా నిలువుగా, మధ్యలో కాగితం పెట్టి సర్దితే తక్కువ పగులుతాయి.

చర్చికి, పరిచర్యకు ఇచ్చే ప్రత్యేక వస్తువులు

కీబోర్డు ఇస్తే దాని సొంత అడాప్టరే ఇవ్వాలి. వోల్టేజి సరిపోయినా, ప్లగ్గు మధ్యలో ప్లస్సో మైనసో తేడా ఉన్న అడాప్టరు పెడితే కీబోర్డు కాలిపోవచ్చు. ప్రొజెక్టర్ మెనూలో ల్యాంప్ ఎన్ని గంటలు వాడారో చూపిస్తుంది, ఆ అంకె రాసి ఇవ్వండి. ల్యాంప్ ఆఖరి దశలో ఉంటే కొత్తది కొనే ఖర్చు చిన్న సంఘానికి భారం. మైకులు, స్పీకర్లు అయితే పాస్టరుగారి దగ్గర ఉన్న సౌండ్ మిక్సర్‌కు ఏ కేబుల్ సరిపోతుందో కనుక్కుని, అది కూడా జతచేయండి.

ఒక ఇంటికి కావాల్సినవన్నీ ఒక జట్టుగా ఇవ్వడం మరీ మంచిది. కొత్తగా గది అద్దెకు తీసుకున్న కుటుంబానికి చెల్లాచెదురుగా వచ్చిన 20 పెట్టెల కంటే అలాంటి రెండు పెట్టెలు ఎక్కువ పనికొస్తాయి. మంచానికి రెండు జతల దుప్పట్లు, మనిషికి రెండు తువ్వాళ్లు, ఒక దిండు, మూతలున్న పాత్రలు రెండు, గరిటెలు, మనిషికో పళ్లెం, గ్లాసు, స్పూను, ఒక కత్తి, బకెట్, చీపురు, టార్చి. మీ దగ్గర కొన్నే ఉంటే తెలిసిన రెండు మూడు ఇళ్లవాళ్లను కలుపుకుని జట్టు పూర్తిచేయండి.

ప్యాకింగ్, అప్పగింత

పెట్టె మీద పైన కాకుండా పక్కన రాయండి. ఒకదానిపై ఒకటి పేర్చినా కనిపిస్తుంది. "బట్టలు" అంటే చాలదు, "మగపిల్లలు, 8–10 ఏళ్లు, చలికాలం, మొత్తం 22" అని ఉంటే ఏరేవాళ్లు పెట్టె విప్పకుండానే అలమర దగ్గరికి తీసుకెళ్తారు. మొత్తం సామాను జాబితా రెండు కాపీలు చేసి ఒకటి వాళ్లకివ్వండి.

దుకాణం మూసిన తర్వాత గుమ్మం ముందు వదిలి రావొద్దు. వాన పడుతుంది, కుక్కలు లాగుతాయి, ఎవరో చిందరవందర చేస్తారు. పొద్దున తలుపు తీసినవాళ్లు ఆ రోజంతా చెత్త ఎత్తుకోవాలి. పన్ను మినహాయింపు కావాలనుకుంటే అప్పగించినప్పుడే తేదీ వేసిన రసీదు తీసుకోండి, తర్వాత అడిగితే ఇవ్వడం వాళ్లకు కష్టం. వస్తువుల విలువను సాధారణంగా మీరే నిర్ణయించాలి. కొన్న ధర వేయొద్దు, ఇప్పుడు పాతసామాను కొట్టులో ఎంతకు పోతుందో అది వేయాలి. ఫొటోలు రసీదుతో కలిపి ఉంచండి.

తెలిసినవాళ్లకు నేరుగా ఇచ్చేటట్టయితే నలుగురిలో ఇవ్వకండి. "మా ఇంట్లో ఇవి ఖాళీగా ఉన్నాయి, మీకు పనికొచ్చేది ఏదైనా ఉంటే చూడండి" అని చెప్పి, ఎంచుకునే వీలు వాళ్లకే వదలండి. వద్దంటే రెండోసారి బలవంతపెట్టొద్దు. ఇస్తూ ఫొటో తీయొద్దు. ఇచ్చాక ఆ వస్తువు ఏం చేశారని అడగొద్దు. అమ్ముకుని మందులు కొనుక్కున్నా అది వాళ్ల అవసరమే తీర్చినట్టు.

ఎక్కడైనా భూకంపం, వరద వచ్చిందని వినగానే పెట్టెలు పంపే తొందర సహజం. కానీ అడగకుండా వచ్చిపడే సామానును సహాయ బృందాలు రెండో విపత్తు అంటాయి. మందులు, తాగునీళ్లు దిగాల్సిన విమానాశ్రయంలో ఏరని బట్టల మూటలు చోటు ఆక్రమిస్తాయి. మొదటి వారాల్లో డబ్బు పంపండి. సామాను ఇల్లు కోల్పోయినవాళ్లు తిరిగి గది సర్దుకునే నెలల కోసం దాచండి. అప్పటికి అడిగేవాళ్ల జాబితా స్పష్టంగా ఉంటుంది, ఇచ్చేవాళ్లు తగ్గిపోయి ఉంటారు.

అన్నీ అప్పగించాక కూడా మూడో కుప్ప మీ ఇంట్లోనే ఉంటుంది. చిరిగిన నూలు బట్టలు తుడుపు గుడ్డలుగా కత్తిరించవచ్చు, లేదా బట్టల రీసైక్లింగ్ చోట "రీసైక్లింగ్‌కే" అని రాసి ఇవ్వొచ్చు. పనిచేయని ఎలక్ట్రానిక్ వస్తువులు ఇ-వేస్ట్ తీసుకునేవాళ్లకు, గడువు తీరిన మందులు వెనక్కి తీసుకునే ఫార్మసీకి వెళ్లాలి. పనికిరాని కారు సీటు పట్టీలు కత్తిరించి, దాని మీద "వాడొద్దు" అని మార్కర్‌తో రాసి అప్పుడు పారేయండి.